ఒకే లైను, మూడు లెక్కలు: నెట్‌వర్క్ ట్రాఫిక్ కొలతలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఒక పట్టణంలో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆపరేటర్‌ను ఊహించుకుందాం. పై కంపెనీ దగ్గర ఒక గిగాబిట్ లైను తీసుకుని, దాన్నే ఇంటింటికీ పంచుతున్నాడు. ఒక రాత్రి 9 గంటల నుంచి 9.05 వరకు ఆ లైనులో ఎంత ట్రాఫిక్ వచ్చిందని చూస్తే అతనికి మూడు అంకెలు దొరికాయి. సొంత రౌటర్ గ్రాఫు సెకనుకు 612 మెగాబిట్లు అంటోంది. ఏ ఇంటికి ఏ సైటు నుంచి ఎంత డేటా వచ్చిందో చెప్పే ఫ్లో రిపోర్టులన్నీ కలిపితే 588 వస్తోంది. పై కంపెనీ పంపిన గ్రాఫులో అదే సమయానికి శిఖరం 648 దగ్గర ఉంది. లైను ఒకటే, ఆ అయిదు నిమిషాలూ ఒకటే.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందుగా కలిగే అనుమానం, వీటిలో రెండు తప్పు అయి ఉండాలని. కానీ మూడూ నిజమే కావచ్చు. ట్రాఫిక్ కొలతలో ‘ఎంత’ అనే ప్రశ్నకు ముందు మరో మూడు ప్రశ్నలు ఉంటాయి: దేన్ని లెక్కించారు, ఎక్కడ నిలబడి లెక్కించారు, ఎంతసేపటికి సగటు తీశారు. ఈ మూడింటికీ జవాబు తెలిశాక కూడా మిగిలే తేడానే అసలైన దోషం. అప్పటివరకు కనిపించే తేడాల్లో చాలా భాగం నిర్వచనాల తేడాలే.

తప్పు అంకె ఎంత దూరం ప్రయాణిస్తుంది

ఇది గ్రాఫులు చూసేవారి గొడవ మాత్రమే కాదు. 1990ల చివర్లో ఇంటర్నెట్ ట్రాఫిక్ ప్రతి 100 రోజులకు రెట్టింపు అవుతోందన్న మాట అమెరికాలో అందరి నోటా నానింది. 1998లో అమెరికా వాణిజ్య శాఖ నివేదికలోకి కూడా అది ఎక్కింది. వంద రోజులకోసారి రెట్టింపు అంటే ఏడాదికి పన్నెండున్నర రెట్లు. అదే సంవత్సరం ఏటీ అండ్ టీ ల్యాబ్స్ పరిశోధకులు కెర్రీ కాఫ్‌మన్, ఆండ్రూ ఒడ్లిజ్‌కో అందుబాటులో ఉన్న కొలతలన్నీ కూర్చి చూస్తే, పెరుగుదల ఏడాదికి సుమారు రెండు రెట్లు మాత్రమేనని తేలింది. వంద రోజుల లెక్క పూర్తిగా కల్పన కాదు. 1995, 96ల్లో కొంతకాలం అంత వేగం నిజంగానే ఉంది. ఒక చిన్న కాలానికి సరిపోయిన కొలతను ఏళ్ల తరబడి సాగదీయడమే పొరపాటు. ఆ అంచనాలను నమ్ముకుని వేసిన ఫైబర్‌లో చాలా భాగం తర్వాత ఏళ్లపాటు వెలగకుండా పడి ఉంది. ఒక కొలత ఏ వ్యవధికి చెల్లుతుందో దాంతోపాటు చెప్పకపోతే ఏమవుతుందో చూపడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలియదు.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

నెట్‌వర్క్‌లో డేటా ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. మనం పంపే అసలు సరుకు చుట్టూ చిరునామాలు రాసిన కవర్లు ఒకదానిపై ఒకటి ఉంటాయి. సరుకును మాత్రమే తూచినా, ఒక కవరుతో కలిపి తూచినా, అన్ని కవర్లతో తూచినా వచ్చేది సరైన తూకమే. మూడూ వేర్వేరు తూకాలు.

ఒక ఇంటర్నెట్ ఫోన్ కాల్‌ను దగ్గరగా చూద్దాం. జీ.711 అనే పాత పద్ధతిలో మాటను సెకనుకు 64 కిలోబిట్లుగా మార్చి, 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతారు. ఒక్కొక్క ప్యాకెట్‌లో మాట 160 బైట్లు. దానికి ఆర్‌టీపీ, యూడీపీ, ఐపీ అనే మూడు పద్ధతుల హెడర్లు, అంటే కవర్లు, కలిపి 40 బైట్లు చేరితే 200 అవుతుంది, అంటే 80 కిలోబిట్లు. తీగ మీద డేటాను పంపే ఈథర్‌నెట్ పద్ధతి దాని ముందూ వెనుకా మరో 18 బైట్లు తగిలించి ఫ్రేమ్ అనే కట్టగా మారుస్తుంది, అప్పుడు 87.2. తీగ మీద ప్రతి ఫ్రేమ్‌కు ముందు ప్రియాంబుల్ అనే 8 బైట్ల ఆరంభ సంకేతం, తర్వాత 12 బైట్ల ఖాళీ కూడా ఉంటాయి కాబట్టి నిజంగా ఆక్రమించే చోటు 95.2 కిలోబిట్లు. ఒకే కాల్‌కు 64, 80, 87.2, 95.2 అనే నాలుగు అంకెలు వచ్చాయి. మొదటిదానికీ చివరిదానికీ తేడా దాదాపు 49 శాతం, అయినా ఎక్కడా తప్పు లేదు.

ఇళ్లలో తరచూ వినిపించే ఒక ఫిర్యాదుకు కూడా జవాబు ఇక్కడే ఉంది. గిగాబిట్ లైను పెట్టించుకున్నవారికి స్పీడ్ టెస్టులో 940 చిల్లర దాటి రాదు. పూర్తి పరిమాణంలో ఉన్న ఫ్రేమ్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటే, అందులో డేటా తప్పిపోకుండా చేర్చే టీసీపీ పద్ధతి మోసే సరుకు సాధారణంగా 1448 బైట్లు. ఆ నిష్పత్తి 94.15 శాతం కాబట్టి 941 మెగాబిట్ల దగ్గర పరీక్ష ఆగిపోతుంది. మిగిలిన 59 ఎవరూ కాజేసినవి కావు, కవర్లకు పోయినవి.

కౌంటరు ఒక చుట్టు తిరిగితే

రౌటర్‌లోని ప్రతి పోర్టుకూ ఒక కౌంటరు ఉంటుంది. ఇంటి కరెంటు మీటరు లాగానే అది మొదటి నుంచీ వెళ్లిన మొత్తాన్ని చూపుతుందే తప్ప వేగాన్ని చూపదు. కరెంటు మనిషి ఈ నెల రీడింగులోంచి పోయిన నెల రీడింగు తీసేసినట్టే, పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిలో అయిదు నిమిషాలకోసారి కౌంటరును అడిగి, తేడాను 300 సెకన్లతో భాగిస్తుంది.

పాత కౌంటర్లు 32 బిట్లవి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 బైట్లు అయ్యేసరికి అవి మళ్లీ సున్నాకు వస్తాయి. 10 మెగాబిట్ల లైనులో దానికి 57 నిమిషాలు పట్టేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. గిగాబిట్ లైను నిండుగా నడిస్తే 34 సెకన్లు చాలు.

ఒక రీడింగు 410 కోట్లు, అయిదు నిమిషాల తర్వాత రీడింగు 30 కోట్లు అనుకుందాం. కౌంటరు ఒక్కసారే తిరిగిందనుకుంటే వెళ్లినవి 49 కోట్ల 49 లక్షల చిల్లర బైట్లు, వేగం 13.2 మెగాబిట్లు. రెండుసార్లు తిరిగి ఉంటే 127.7. మూడుసార్లయితే 242.3. ఇలా ఒక్కో చుట్టుకు 114.5 చొప్పున కలుపుతూ పోతే, గిగాబిట్ హద్దు దాటకుండా తొమ్మిది జవాబులు దొరుకుతాయి. ఆ రెండు రీడింగులను బట్టి వాటిలో ఏది నిజమో తేల్చే మార్గమే లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నింటికంటే చిన్నదాన్ని ఎంచుకుని, దశాంశ స్థానాలతో సహా నిబ్బరంగా చూపిస్తుంది. అందుకే ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2000లో వెలువరించిన ప్రమాణం, 20 మెగాబిట్ల వేగం దాటిన పోర్టులకు బైట్ల లెక్క 64 బిట్ల కౌంటర్లలో ఉండాలని నిర్దేశించింది. 10 గిగాబిట్ల లైను నిండుగా నడిచినా అలాంటి కౌంటరు ఒక చుట్టు తిరగడానికి 460 ఏళ్లకు పైగా పడుతుంది. అయినా చిక్కు మొత్తం తీరలేదు. రౌటర్ మధ్యలో ఆగి మళ్లీ లేచినా కౌంటరు సున్నాకు వస్తుంది. దాన్ని చుట్టు తిరిగినట్టు పొరబడితే గ్రాఫులో ఆకాశాన్నంటే ముల్లు ఒకటి మొలుస్తుంది. రౌటర్ ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న సమయాన్ని కూడా వెంట తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ వేరు చేయగలుగుతుంది.

అయిదు నిమిషాల సగటులో ఏం కనబడదు

అయిదు నిమిషాలకోసారి చూసే అలవాటు బలపడడంలో ఎంఆర్‌టీజీ అనే సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పాత్ర ఉంది. టోబియాస్ ఊటికర్ దాన్ని 1995లో విడుదల చేశాడు. దాన్ని రాసేటప్పుడు అతను పనిచేస్తున్న బ్రిటన్ విశ్వవిద్యాలయానికి బయటి ప్రపంచంతో ఉన్నది ఒక్క 64 కిలోబిట్ల లైను. అంత నిదానమైన లైనుకు అయిదు నిమిషాల చూపు చాలా సూక్ష్మమైన చూపే. లైన్లు వేల రెట్లు వేగం పుంజుకున్నా ఆ వ్యవధి మాత్రం చాలాచోట్ల అలాగే నిలిచిపోయింది.

గిగాబిట్ లైను 90 సెకన్లు నిండుగా నడిచి, తర్వాత 210 సెకన్లు ఖాళీగా ఉందనుకుందాం. సగటు 300 మెగాబిట్లు, గ్రాఫులో 30 శాతం. ఆ తొంభై సెకన్లలో వీడియో కాల్ తెగిపోయిన వినియోగదారుడు ఫోన్ చేసి అడిగితే, లైను మూడో వంతు కూడా వాడకంలో లేదని ఆపరేటర్ గ్రాఫు చూసి చెబుతాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు. పైగా పాత సమాచారాన్ని చాలా సాఫ్ట్‌వేర్‌లు గంట సగటుగా, రోజు సగటుగా కుదిస్తూ పోతాయి. నిన్న 900 చూపిన శిఖరం వచ్చే నెల చూసేసరికి 500గా కరిగిపోయి ఉండవచ్చు.

అలాగని వ్యవధిని పది సెకన్లకు తగ్గిస్తే కొత్త దోషం వచ్చి చేరుతుంది. రౌటర్ జవాబు ఇవ్వడంలోనో, లోపలి కౌంటరును తాజా చేయడంలోనో మూడు సెకన్ల తేడా వస్తే, 300 సెకన్ల మీద అది ఒక శాతం. పది సెకన్ల మీద ఒక్క సెకను తేడాయే పది శాతం. కొన్ని పరికరాలు కౌంటర్లను కొన్ని సెకన్లకోసారి మాత్రమే తాజా చేస్తాయి కాబట్టి, అంతకంటే దగ్గరగా అడిగితే ఒకసారి సున్నా, మరోసారి రెట్టింపు కనిపించడమూ ఉంది.

ఎంత చిన్న వ్యవధి సరిపోతుందన్న ప్రశ్నపై పరిశోధకుల్లోనూ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో 1989 నుంచి 1992 వరకు జాగ్రత్తగా సేకరించిన ఈథర్‌నెట్ ట్రాఫిక్‌ను లెలాండ్, టక్కు, విల్లింగర్, విల్సన్ విశ్లేషించి, మిల్లీసెకన్ల స్థాయిలో చూసినా నిమిషాల స్థాయిలో చూసినా ఎగుడుదిగుడులు దాదాపు ఒకే తీరుగా ఉన్నాయని చూపారు. టెలిఫోన్ కాల్స్ విషయంలో జరిగినట్టు సగటు తీస్తే నున్నబడిపోయే ట్రాఫిక్ ఇది కాదన్నది వారి నిర్ధారణ. లక్షల కనెక్షన్లు కలిసే వెన్నెముక లైన్లలో, అతి చిన్న వ్యవధుల్లో ట్రాఫిక్ మళ్లీ నున్నగానే కనిపిస్తోందని తర్వాతి కాలంలో వచ్చిన అధ్యయనాలు కొన్ని వాదించాయి. రెండింటికీ ఆధారాలు ఉన్నాయి. కొలిచిన చోట్లు వేరు. మన చిన్న ఆపరేటర్ లైను మొదటి రకానికి దగ్గరగా ఉంటుందని చెప్పడం సబబు. కొన్ని వందల ఇళ్ల మీద నాలుగైదు ఇళ్లు ఒకేసారి పెద్ద గేమ్ దింపుకున్నా గీత కదులుతుంది.

మెతుకు పట్టి చూడడం ఎప్పుడు చాలుతుంది

మొత్తం ఎంత అన్నది కౌంటరు చెబుతుంది. ఎవరిది ఎంత అన్నది చెప్పదు. దానికి ఫ్లో రికార్డులు కావాలి. ఒకే చోటు నుంచి ఒకే చోటికి, ఒకే పనిమీద వెళ్లే ప్యాకెట్ల వరసను ఫ్లో అంటారు. రౌటర్ల తయారీ సంస్థ సిస్కో 1996 ప్రాంతంలో తెచ్చిన నెట్‌ఫ్లో, 2001లో ప్రచురితమైన ఎస్‌ఫ్లో ఈ రంగంలో పేరున్న పద్ధతులు. వేగమైన లైన్లలో ప్రతి ప్యాకెట్‌నూ పరిశీలించడం భారం కాబట్టి, రెండు వేల ప్యాకెట్లకు ఒకటి చొప్పున మచ్చు తీసి, వచ్చిన లెక్కను రెండు వేలతో హెచ్చిస్తారు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. లైనులోని ప్యాకెట్లు అలా కాదు; రకరకాల గిన్నెల్లోంచి వచ్చి కలిసినవి. అందుకని ఒక మెతుకు చాలదు, ఎన్ని కావాలన్నదే ప్రశ్న. ఎస్‌ఫ్లో రూపకర్తలు దీనికి ఒక సులువైన సూత్రం ఇచ్చారు: 196ను, ఆ రకానికి చెందిన మచ్చుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, 95 శాతం నమ్మకంతో దోషం అంత శాతానికి మించదు.

మన అయిదు నిమిషాల్లో రెండున్నర కోట్ల ప్యాకెట్లు వెళితే 12,500 మచ్చులు వస్తాయి. వాటిలో వీడియోవి 6,400 అనుకుంటే, వర్గమూలం 80, దోషం 2.45 శాతం. కోటీ 28 లక్షల వీడియో ప్యాకెట్లు అన్న అంచనాను నమ్మవచ్చు. సైట్ల పేర్లు వెతికే డీఎన్ఎస్ మచ్చులు 25 మాత్రమే ఉంటే దోషం 39.2 శాతం. రిపోర్టులో కనిపించే 50,000 నిజానికి 30,400 నుంచి 69,600 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఒకే రిపోర్టులో, ఒకే అక్షరాలతో అచ్చైన రెండు వరసల్లో ఒకటి గట్టిది, మరొకటి దాదాపు ఊహ. రిపోర్టు ఆ సంగతి చెప్పదు. దోషం ఆధారపడేది ఎంత శాతం ప్యాకెట్లు పట్టామన్న దానిపై కాదు, ఎన్ని మచ్చులు చేతికొచ్చాయన్న దానిపై. కాబట్టి అదే డీఎన్ఎస్ లెక్కను అయిదు నిమిషాలకు బదులు రోజంతటికీ వేస్తే అది కూడా గట్టిపడుతుంది.

మచ్చుతో అసలు సాధ్యంకాని లెక్కలూ ఉన్నాయి. పది ప్యాకెట్లతో ముగిసిపోయే చిన్న ఫ్లోలు రెండు వందలుంటే, రెండు వేలకు ఒకటి పద్ధతిలో వాటిలో సగటున ఒక్కటే కంటపడుతుంది. అలాంటప్పుడు మొత్తం ఎన్ని ఫ్లోలు నడిచాయో రిపోర్టులోని ఫ్లోల సంఖ్యను హెచ్చించి చెప్పడం కుదరదు. 2003లో డఫీల్డ్, లండ్, థోరప్ దీనికి ఒక చక్కని దారి చూపారు: టీసీపీ కనెక్షన్ ‘సిన్’ అనే ప్యాకెట్‌తోనే మొదలవుతుంది కాబట్టి, మచ్చులో పడిన సిన్‌లను లెక్కించి హెచ్చిస్తే కనెక్షన్ల సంఖ్యకు నమ్మదగిన అంచనా వస్తుంది.

మచ్చు వద్దు, మొత్తం పట్టాలనే వాదనకు భద్రతా నిపుణుల్లో బలం ఎక్కువ. చడీచప్పుడు లేని దాడి పది ప్యాకెట్లతోనే జరగవచ్చు. రెండు వందల్లో ఒక వంతు అవకాశాన్ని వారు నమ్ముకోలేరు. లైను ఎప్పుడు పెంచాలో నిర్ణయించేవారికి మచ్చు చాలు.

లైను సామర్థ్యాన్ని మించిన ట్రాఫిక్

100 మెగాబిట్ల లైనులో 240 మెగాబిట్ల ట్రాఫిక్ చూపే గ్రాఫులు నిజంగానే తయారవుతాయి. సిస్కో రౌటర్ల పాత అమరికలో, ఎడతెగని ఫ్లో గురించి రౌటర్ 30 నిమిషాలకోసారి గాని రికార్డు పంపదు. ఎవరో 40 మెగాబిట్ల వేగంతో అరగంట బ్యాకప్ తీశారనుకుంటే అది 9 గిగాబైట్లు. రికార్డు చేరిన అయిదు నిమిషాల గడిలోనే ఆ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్ పడేస్తే 240 వస్తుంది. అంతకుముందు 25 నిమిషాలూ ఏమీ లేనట్టు ఉంటుంది. మొత్తం సరైనదే, చేరిన చోటు తప్పు. రికార్డులోని మొదలు, చివర సమయాల మధ్య దాన్ని సమంగా పరిచే సాఫ్ట్‌వేర్‌లో ఈ ముల్లు రాదు, కానీ మధ్యలో నిజంగా ఉన్న ఎగుడుదిగుడులు చెరిగిపోతాయి.

పట్టుకునే చోట, గడియారంలో వచ్చే దోషాలు

ప్రతి ప్యాకెట్‌నూ పట్టుకున్నా ఖచ్చితత్వం దానంతటదే రాదు. స్విచ్‌లో ఒక పోర్టు ట్రాఫిక్‌ను మరో పోర్టుకు అద్దంలా చూపించి అక్కడ పట్టుకోవడం మామూలు పద్ధతి. గిగాబిట్ లైను రెండు దిశల్లోనూ నిండితే రెండు గిగాబిట్లు అవుతుంది. అద్దం పోర్టులోంచి బయటికి పోగలిగేది ఒకటే. మిగిలింది చప్పుడు లేకుండా రాలిపోతుంది. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ అనే సాఫ్ట్‌వేర్ చివర్లో ‘కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) వదిలేసిన ప్యాకెట్లు’ అని ఒక సంఖ్య చూపుతుంది కాని, స్విచ్‌లోనే రాలినవి దానికి తెలిసే అవకాశం లేదు. సర్వర్ మీదే పట్టుకుంటే, 1500 బైట్లు దాటని లైనులో వేల బైట్ల ప్యాకెట్లు కనిపిస్తాయి. నెట్‌వర్క్ కార్డు, కర్నెల్ ప్యాకెట్లను కలిపి, విడదీసే పని చేస్తుండడం వల్ల తీగ మీద ఎన్నడూ లేని ప్యాకెట్లు అవి.

సమయం దగ్గర చిక్కు మరింత లోతుగా ఉంటుంది. ఒక వైపు ఆలస్యాన్ని కొలవాలంటే రెండు చివర్ల గడియారాలు కలవాలి. నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ పద్ధతి వాటిని కలిపేటప్పుడు, పోవడానికీ రావడానికీ సమానంగా పడుతుందని అనుకుంటుంది. నిజానికి పోవడానికి 10, రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే, గడియారం 10 మిల్లీసెకన్లు తప్పి కుదురుకుంటుంది. ఆ గడియారాలతో కొలిస్తే అటూ ఇటూ 20 చొప్పున వస్తుంది. మొత్తం 40 సరిపోతుంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఎన్ని వేల సార్లు కొలిచినా అదే జవాబు వస్తుంది. రెండు చివర్లా జీపీఎస్ గడియారం పెట్టాక గాని నిజం బయటపడదు.

నిలకడ వేరు, ఖచ్చితత్వం వేరు

కిలోకు ఎప్పుడూ యాభై గ్రాములు తక్కువ తూచే తక్కెడలో నిలకడ ఉంది, ఖచ్చితత్వం లేదు. మచ్చు వల్ల వచ్చే దోషం ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. ఎక్కువసార్లు కొలిస్తే తగ్గుతుంది. రాలిపోయిన ప్యాకెట్లు, తప్పిన గడియారం, ఒక చుట్టు మరచిన కౌంటరు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతాయి. ఎన్నిసార్లు కొలిచినా తగ్గవు. ఖచ్చితత్వాన్ని అంచనా వేయడం అంటే ప్రధానంగా ఈ రెండో రకాన్ని వెతకడమే.

కూరగాయల కొట్టులోని కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. టెలికాం బిల్లుల విషయంలో ట్రాయ్ 2006లోనే మీటరింగ్, బిల్లింగ్ ఖచ్చితత్వంపై నిబంధనలు తెచ్చి ఆడిట్ పెట్టింది. ఆపరేటర్ గదిలోని గ్రాఫుకు అలాంటి ముద్ర వేసేవారు లేరు. దాన్ని తెలిసిన తూకంతోనే సరిచూడాలి: సరిగ్గా పది లక్షల ఫ్రేములు పంపి కౌంటరు ఎంత చూపిందో చూడడం ఒక పద్ధతి. తీగకు ఈ చివర ‘పంపినవి’ అన్న లెక్క, ఆ చివర ‘అందినవి’ అన్న లెక్క కలుస్తున్నాయో లేదో చూడడం మరొకటి.

ఆ మూడు అంకెల దగ్గరికి మళ్లీ

ఇప్పుడు మన ఆపరేటర్ లెక్కలు విప్పవచ్చు. పై కంపెనీ నిమిషానికోసారి కొలుస్తుంది. ఆ అయిదు నిమిషాల్లో దానికి వచ్చినవి 590, 600, 648, 615, 607. వాటి సగటు 612. రౌటర్‌కూ పై కంపెనీకీ తగువే లేదు. ఒకరు సగటు, మరొకరు శిఖరం చూపారు.

ఫ్లో రిపోర్టు 588 ఐపీ స్థాయి లెక్క. సగటు ప్యాకెట్ 900 బైట్లయితే ఈథర్‌నెట్ తగిలించే 18 బైట్లు సరిగ్గా 2 శాతం. అది కలిపితే దాదాపు 600. ఇంకా 12 మెగాబిట్లు, అంటే మరో 2 శాతం మిగిలింది. 12,500 మచ్చులతో, ప్యాకెట్ల పరిమాణాల్లోని తేడాల వల్ల మొత్తం బైట్ల అంచనాలో రాగల దోషం సుమారు 1.4 శాతం. రెండు శాతం దానికి కొంచెం బయట ఉంది. ఒక్కసారైతే యాదృచ్ఛికం కావచ్చు. కాబట్టి తర్వాతి గంటలోని పన్నెండు గడులనూ అలాగే పోల్చి చూస్తాడు. తేడా కొన్నిసార్లు ఇటు, కొన్నిసార్లు అటు ఊగితే అది మచ్చు వల్ల వచ్చిందే. పన్నెండింటిలోనూ ఫ్లో లెక్కే తక్కువగా ఉంటే ఎక్కడో రికార్డులు పోతున్నాయి. నెట్‌ఫ్లో రికార్డులు సాధారణంగా యూడీపీలో వెళతాయి, దారిలో పోతే మళ్లీ పంపే ఏర్పాటు అందులో లేదు. కానీ ప్రతి ఎగుమతి ప్యాకెట్ తలమీద ఒక వరస సంఖ్య ఉంటుంది. ఆ రికార్డులను అందుకునే కలెక్టర్ సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిచి ఆ సంఖ్యల్లో ఎక్కడెక్కడ ఖాళీలు ఉన్నాయో, ఆ ఖాళీలు రాత్రి తొమ్మిది గంటల రద్దీ సమయంలోనే పడుతున్నాయో చూస్తే, పన్నెండు మెగాబిట్లు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది.